ఎంకమ్మ చెలక మన్ను

అమూల్యకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. గద్వాలలో వాళ్ళ నాన్న ధర్మయ్య గుంట మగ్గంలోకి పొద్దున కాళ్ళు దించాడంటే మళ్ళీ అన్నానికే పైకి లేచేవాడు. అమ్మ పద్మమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆ కండెలు నాన్నకు అందించమని పిల్లను కూర్చోబెడితే, ఒకటి అందించి రెండోదానికి వీధిలో ఉండేది. దీని కాళ్ళకు చక్రాలున్నయని అమ్మ విసుక్కునేది. అలాంటి మనిషి చదివి చదివి చేరింది ఎక్కడయ్యా అంటే, ఎదురుచూడడమే పనిగా ఉన్న చోట.

వనపర్తిలో, పెబ్బేరు పోయే రోడ్డు పక్కన, పంటల తెగుళ్ళ మీద పనిచేసే చిన్న ప్రయోగశాల అది. పల్లికి వచ్చే కాండం కుళ్ళు అమూల్య పాలబడింది. చలికాలపు పంట యాసంగి వచ్చిందంటే ఈ చుట్టుపక్కల బోర్ల కింది ఎర్రమట్టి చెలకలు చాలావరకు పల్లే. పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే వేళకు ఎక్కడో ఒక కొమ్మ వాడుతుంది. మొక్కను పీకి చూస్తే మొదట్లో తెల్లని దారాలు అల్లుకుని ఉంటాయి, వాటి మధ్య ఆవగింజల్లాంటి గుళికలు. ఆ దారాలు ఒక రకం బూజు. ఆ గుళికలు దాని గింజలు. మొక్క చచ్చినా అవి చావవు. మట్టిలో ఏళ్ళకేళ్ళు పడి ఉండి, మళ్ళీ పల్లి పెట్టిన నాడు కళ్ళు తెరుస్తాయి. రైతులు దాన్ని కుళ్ళురోగం అంటారు.

ఆ బూజును మట్టిలోనే అణిచిపెట్టే సూక్ష్మజీవి ఏదైనా దొరుకుతుందేమో వెతకడం అమూల్య ఉద్యోగం. చుట్టాలకు చెప్పుకోవడానికి ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం ఆలుగడ్డలు ఉడకబెట్టడంతో మొదలవుతుంది. ఆ నీళ్ళలో చక్కెర, గడ్డకట్టే పొడి కలిపి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో ఉడికించి, గుండ్రటి గాజు ప్లేట్లలో పోయాలి. గట్టిపడ్డాక ఒక పక్క బూజు ముక్క, ఇంకో పక్క మట్టిలోంచి వేరుచేసిన బాక్టీరియా పెట్టాలి. మూత వేసి వెచ్చని అలమారలో పెట్టి తలుపు మూయాలి. ఆపైన చేసేదేమీ లేదు. బూజు వచ్చి బాక్టీరియా మీదుగా పాకిపోతే ఆ ప్లేటు కడిగేయాలి. ఎక్కువసార్లు జరిగేది అదే.

ఆ చేసేదేమీ లేని రోజులే అమూల్యను తినేసేవి. ఇప్పుడే చూసిన అలమారను మళ్ళీ తెరిచేది. వరండాలో పచార్లు చేసేది. పక్క టేబుల్ దగ్గర పనిచేసే మమత, తలుపు మాటిమాటికీ తీస్తే లోపలి వెచ్చదనం పోయి ఉన్నది కూడా పెరగదని నవ్వుతూ కసురుకునేది. ఇంటికెళ్ళినా అంతే. భర్త మధు కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు, నెమ్మది మనిషి. అన్నం ముందు కూర్చుని ఆమె కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టుకుని గోడకేసి చూస్తుంటే, ప్లేట్ల మీద ప్లేట్లు కనపడుతున్నాయా అని అడిగేవాడు.

కిందటి యాసంగిలో కుళ్ళు సోకిన చేలు చూడ్డానికి ఆమె నాగర్‌కర్నూల్ మీదుగా తెలకపల్లి దిక్కు వెళ్ళింది. అక్కడొక ఊళ్ళో ఎంకమ్మ అనే రైతు చెలక దగ్గర ఆగిపోయింది. చేను సగానికి సగం పండుబారి, వాడి, నేలకు కరుచుకుని ఉంది. మధ్యలో మాత్రం ఒక మడి, ఎవరో గీత గీసి కాపాడినట్టు, నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. అదే విత్తనం, అదే నీళ్ళు, ఒకే రోజు విత్తింది. అమూల్య ఆ మడిలో మోకాళ్ళ మీద కూర్చుని మొక్కల మొదళ్ళ దగ్గరి మట్టిని సంచుల్లోకి ఎత్తుకుంది.

ఎంకమ్మ యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఆ చెలకను తనే చూసుకుంటోంది. చేతిలో కొడవలితో గట్టు మీద నిలబడి, పంటనంతా వదిలేసి మన్ను మూటగట్టుకునే ఈ మేడమ్‌ను చాలాసేపు చూసింది. మన్ను తీసుకుపోయి ఏం చేస్తావని అడిగి, జవాబు విని, సగం అర్థమై సగం కాక, "మంచిది బిడ్డా, మా మన్ను ఏమంటదో విను" అంది.

ఆ మన్ను నిజంగానే మాట్లాడింది, లేదా మాట్లాడిందని అమూల్య అనుకుంది. ఎండాకాలం చివర్లో ఒక పొద్దున అలమార తెరిస్తే, ఎంకమ్మ మడి మట్టిలోంచి తీసిన ఒక బాక్టీరియా చుట్టూ గుండ్రంగా, అద్దంలా, ఖాళీ జాగా కనిపించింది. తెల్లని బూజు అంతవరకూ వచ్చి, గోడ తగిలినట్టు ఆగిపోయింది. అమూల్య ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది. ఆ ఒక్కసారే ఆమె కాళ్ళు కదలలేదు. మమత వచ్చి చూసింది. తర్వాత పెద్దాయన ప్రేమ్ కుమార్ సార్ వచ్చాడు. ఆయనే ఆ ప్రయోగశాలకు అధిపతి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ప్లేటు దగ్గరగా పెట్టుకుని చూసి, ఇంకోసారి పెట్టి చూడమన్నాడు. ఇంకోసారి పెట్టినా వలయం వచ్చింది. దసరా తర్వాత జరిగే పెద్ద సమావేశంలో దీన్ని చూపిద్దామని ఆయన అప్పుడే నిర్ణయించేశాడు.

ఇంకొంత మట్టి తేవడానికి అమూల్య మళ్ళీ వెళ్ళింది. ఎంకమ్మ చాయ పెట్టి ఇచ్చింది. రాకరాక వచ్చిన ఫలితం కడుపులో ఆగడం లేదు అమూల్యకు.

"నీ చెలకల మన్నుల ఏదో మంచిది ఉన్నట్టున్నది పెద్దమ్మా. కుళ్ళురోగాన్ని దగ్గరికి రానిస్తలేదు," అంది.

"అంటే మందున్నట్టేనా?"

"మందు లెక్కనే అనుకో."

చాయ గ్లాసు కింద పెట్టేలోపు నోటినుంచి వచ్చిన మాట అది. ఎంకమ్మ ముఖం విప్పారింది. అమూల్య బస్సెక్కి వనపర్తి వచ్చేసింది. అన్న మాట ఆ ఊళ్ళోనే ఉండిపోయింది.

వానాకాలం మొదలైంది. సమావేశానికి చూపించే ముందు అన్నీ మరోసారి గట్టిగా చేసి పెట్టుకోవాలని అమూల్య కొత్త ప్లేట్లు పోసింది. ఈసారి వలయం కొన్నిట్లో వచ్చింది, కొన్నిట్లో రాలేదు. ఇంకోసారి పోసింది. మొన్న వచ్చినవాటిలో రాలేదు, రానివాటిలో వచ్చింది. ఆలుగడ్డలు మార్చింది. నీళ్ళు మార్చింది. కరెంటు పోయి అలమార చల్లబడిందేమోనని మధును పట్టుకుని ఏ రోజు ఎంతసేపు పోయిందో ఆరా తీసింది. తన చేతులనే అనుమానించి మమత చేత పోయించింది. దేనికీ చిక్కలేదు. తల దువ్వుకుంటున్నా అదే, కూర తాలింపు మాడుతున్నా అదే. ఒకరోజు గద్వాల నుంచి అమ్మ ఫోను చేసి, బుడ్డల రోగానికి, అంటే పల్లి కుళ్ళుకు, మందు దొరికిందంట గదా అని సంతోషంగా అడిగితే ఉలిక్కిపడి, నీకెవరు చెప్పారని దబాయించింది. చెప్పింది తనే, వలయం కనబడ్డ రోజున.

"నువ్వు ఇంట్ల ఉన్నా ఇంట్ల లేవు," అన్నాడు మధు ఒక ఆదివారం. "ఏమైందో జర చెప్పు. నాకు అర్థంగాకున్నా చెప్పు."

చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగానే, ప్రతిసారీ తను బాక్టీరియా పెట్టిన ప్లేట్లనే చూస్తోందని ఆమెకు తోచింది. ప్రతి ప్రయోగంలో బూజు ఒక్కటే పెట్టి, బాక్టీరియా లేకుండా వదిలేసే ప్లేట్లు కూడా ఉంటాయి. పోల్చి చూడ్డానికి పెట్టేవి. ఆ ప్లేట్లను బూజు అంచుల దాకా ఆక్రమించిందా లేదా అని మాత్రమే చూసి పక్కన పెట్టేస్తారు. ఎంత వేగంగా ఆక్రమించిందో ఎవరు చూశారు?

మర్నాడు వాటినే ముందేసుకుంది. ఎదురేమీ లేని ప్లేట్లో కూడా బూజు పడుతూ లేస్తూ నడుస్తోంది. దున్నపోతులా దూసుకుపోవలసింది ముసలి ఎద్దులా కాళ్ళీడుస్తోంది. తను నమ్మడానికి ఇది చాలదని, పల్లి మొక్కలు కుండీల్లో పెంచి, వాటి మొదళ్ళకు ఆ బూజు పూసి చూసింది. చావవలసిన మొక్కలు చావలేదు. ఒకటి రెండు తలలు వాల్చాయి, మిగిలినవి పచ్చగా, ఏపుగా, పువ్వులు కూడా పూశాయి. రైతుబిడ్డ ఎవరైనా చూస్తే మురిసిపోయే మొక్కలు. అమూల్య వాటి ముందు నిలబడి గోళ్ళు కొరుక్కుంది.

సంగతి తేలిపోయింది. ఆ బూజు ఏళ్ళ తరబడి ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు ముక్క కోసి పెంచుతూ వచ్చినది. ఎదురుగా మొక్క లేదు, మట్టి లేదు, ఎండ లేదు. కూర్చున్న చోటికి ఆలుగడ్డల నీళ్ళు వస్తున్నాయి. తిని తిని అది మెత్తబడింది. మెత్తబడ్డ దాన్ని ఎవరు ఆపినా ఆగుతుంది. ఎంకమ్మ మన్నులోని బాక్టీరియా గెలిచింది పులి మీద కాదు.

ఈ మాట ప్రేమ్ కుమార్ సార్‌కు చెప్పాలి. చెప్పడానికి ఆయన గది దాకా వెళ్ళి, తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఎందుకంటే ఆ బూజును ఆత్మకూరు చేలలోంచి తెచ్చింది ఆయనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. కరెంటు రోజుల తరబడి పోయినప్పుడు దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో దాచిన మనిషి. ఆయన చేసిన పనంతా దాని మీదే.

ఆయన మొదట వినలేదు. ఇంకోసారి చేసి చూడమన్నాడు. ఎన్నిసార్లు చేసిందో చెప్పింది. సమావేశం దగ్గర పడిందని గుర్తుచేశాడు. అది తనకూ తెలుసంది. చివరికి, కుండీలను తెచ్చి ఆయన బల్ల మీదే పెట్టింది. ఆయన ఒక మొక్కను పీకి, మొదలు వేలితో తుడిచి చూశాడు. దారాలు లేవు. ఆ వేలి కొసనే చూసుకున్నాడు.

"నా దగ్గరున్నది చచ్చిన పామన్నట్టు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది అమూల్యకు. "బయటికి పోయి కొత్తది పట్టుకురా అమ్మా. అప్పుడు చూద్దాం."

ఆత్మకూరు దగ్గర వానాకాలం పల్లి వేసిన చేను ఒకటి దొరికింది. కుళ్ళిన మొక్కలు తెచ్చి, వాటి గుళికల్లోంచి కొత్త బూజును పెంచింది. దాన్ని చూస్తేనే తెలిసిపోయింది, దీని నడకే వేరు. పక్కన ఎంకమ్మ మన్ను బాక్టీరియాను పెట్టి అలమార మూసింది. తలుపు తీయకుండా ఉండడానికి, ఎప్పుడూ లేనిది, సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఇల్లంతా కడిగింది, కడిగిన ఇంటినే మళ్ళీ ఊడ్చింది.

తిరిగి వచ్చి తీసి చూస్తే వలయం లేదు. తెల్లని బూజు బాక్టీరియా మీదుగా నడిచివెళ్ళి, ప్లేటు ఆ అంచున కుప్పలు పడి, మూతను తాకుతోంది. అన్ని ప్లేట్లలోనూ అంతే.

ప్లేట్లు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఫోను మోగింది. ఎంకమ్మ.

గొంతులో సంబరం ఉంది. దసరాకు ఇంకా పొద్దుంది, విత్తడాలకు అందరూ చెలకలు సిద్ధం చేసుకుంటున్నారని చెప్పింది. తన చెలక మన్ను సంగతి ఊరంతా తెలిసిందట. మొదట మరిది రాములు ట్రాక్టర్ పెట్టి తోలుకుపోయి తన చేనులో చల్లుకున్నాడట. అది చూసి తోటికోడలి పుట్టింటివాళ్ళు వచ్చారట.

"నేనెవర్నీ వద్దనలే బిడ్డా. ఒక్క పైస గుడ అడగలే. ఎవరి చేను మంచిగైనా మంచిదే గద. నువ్వు జెప్పిన మడి మన్నంత ఒడిసిపోయింది. ఇగ దాని పక్కపొంటి తోడుతుండ్రు."

పక్కపొంటి. ఆ మడికి పక్కన ఉన్నది కిందటేడు కుళ్ళి నేలకు కరుచుకుపోయిన చేను. ఆ మట్టి నిండా ఆవగింజల్లాంటి గుళికలు ఉంటాయి. వాళ్ళు మందు అనుకుని రోగాన్ని ట్రాక్టర్లకెత్తి చేనుచేనుకూ పంచుకుంటున్నారు. అందులో వాళ్ళ తప్పేముంది? ఎండాకాలం చెరువు పూడిక తోలి చెలకల్లో చల్లుకోవడం వాళ్ళకు తాతలనాటి అలవాటే. మంచి మన్ను ఎక్కడుందో ఒకరు చెబితే చాలు, తోలుకుంటారు. చెప్పిన ఆ ఒక్కరు తనే.

"పెద్దమ్మా, తోడుడు ఆపమను. నేను రేపు పొద్దుగాల వస్తున్న. వచ్చేదాంక ఎవరికీ ఇయ్యకు," అంది. ఎందుకని ఎంకమ్మ అడుగుతూనే ఉంది. ఫోనులో చెప్పే మాట కాదు.

మధు బండి మీద తీసుకెళ్ళాడు. గోపాల్‌పేట దాటాక వాన పట్టుకుంది. చెట్టు కింద ఆగుదామంటే అమూల్య వద్దంది. ఇద్దరూ తడిసి ముద్దై ఊళ్ళోకి దిగేసరికి ఎంకమ్మ చెలక దగ్గర పదిమంది దాకా ఉన్నారు. మేడమ్ వస్తోందంటే ఇంకేదో మంచి కబురు తెస్తోందనుకుని వచ్చినవాళ్ళు. చెలక మధ్యలో, నల్లగా నిగనిగలాడే మడి ఉండిన చోట, పెద్ద గుంట. దాంట్లో ఎర్రటి వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. అమూల్య ఆ గుంటకేసి చూస్తూ ఒక్క క్షణం ఎందుకు వచ్చిందో మరిచిపోయింది. ఆ మడి ఎందుకు బతికిందో తెలుసుకుందామన్నా ఇప్పుడక్కడ మట్టే లేదు.

తర్వాత చెప్పింది. దాచకుండా, చుట్టూ తిప్పకుండా చెప్పింది. ల్యాబులో చూసింది సరిగ్గా చూసింది కాదని, ముసలి బూజు మీద పరీక్షించానని, బలమైన బూజు ముందు ఆ మన్నులోది నిలబడలేదని. పక్కపొంటి మన్నులో రోగపు గింజలు ఉంటాయని, చల్లుకున్న చెలకల్లో ఈ యాసంగికి పల్లి పెట్టొద్దని, జొన్నో మక్కజొన్నో వేసుకోమని. ముక్కు మీద నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

రాములు ముందుకు వచ్చాడు. పెద్ద గొంతు మనిషి కాదు.

"విత్తనం గుడ కొట్టిచ్చి పెట్టుకున్న మేడం. ఉన్న పల్లికాయనంత ఒలిపిచ్చి గింజ చేయిస్తి. మందున్నదని నువ్వే జెప్తివి గద?"

"నేనే చెప్పిన."

"మల్ల ఇప్పుడు నువ్వే లేదంటివి. రేపు వచ్చి ఉన్నదంటే?"

మధు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రాములు కొంతసేపు చూసి, తువ్వాలు తల మీద వేసుకుని తన చెలక వైపు వెళ్ళిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ కదిలారు.

ఎంకమ్మ మాత్రం గట్టు మీద నిలబడే ఉంది. వాళ్ళంతా దూరమయ్యాకే నోరు విప్పింది.

"నా మన్ను మంచిది గాదని ఊరి ముందట జెప్తివి బిడ్డా."

"మంచిదో కాదో నాకు తెల్వదు పెద్దమ్మా. తెల్వకముందే మంచిదని చెప్పిన. తప్పు నాది, నీ మన్నుది గాదు."

"ఆ మాట వాళ్ళున్నప్పుడు జెప్పక పోతివి," అంది ఎంకమ్మ. కొంగు తల మీద కప్పుకుని ఇంటి దారి పట్టింది. ఆ పూట చాయకు పిలవలేదు.

సమావేశంలో ప్రేమ్ కుమార్ సార్ వలయం ఫొటోలు చూపించలేదు. బూజు మెత్తబడిన సంగతే చెప్పాడట. వెనక నుంచి ఎవరో నవ్వారని, భోజనాల దగ్గర ఇద్దరు మాత్రం వచ్చి తమ దగ్గరున్న బూజు వయసెంతో తమకే తెలియదని మెల్లగా ఒప్పుకున్నారని తర్వాత చెప్పాడు. పాత ప్లేట్లను ఆయనే యంత్రంలో పెట్టి ఉడకబెట్టాడు. ఆ పని మమత చేస్తానంటే ఇవ్వలేదు.

అమూల్యకు ఆ యాసంగి అంతా ముళ్ళ మీద నడకే. ఊళ్ళో కొందరు ఆమె మాట విని మక్క వేశారు. రాములు సగం మక్క, సగం పల్లి వేశాడు. ఆదివారాలు ఆమె ఆ దారిన బస్సు దిగి, ఎవరూ పిలవకపోయినా చేల వెంబడి తిరిగేది. వాడిన కొమ్మ కనబడితే కూర్చుని మొదలు తవ్వి చూసేది. ఒక్కోసారి వట్టి చెదలు. ఒక్కోసారి తెల్లని దారాలు. ఊడలు దిగే వేళకు రాములు పల్లిలో కుళ్ళు కనబడింది. ఎంకమ్మ మన్ను చల్లిన సాళ్ళలోనూ ఉంది, చల్లని సాళ్ళలోనూ ఉంది. మన్నుతో వచ్చిందా, ముందునుంచీ అక్కడే ఉందా? అమూల్య చూసిన చోటే మళ్ళీ చూసింది, మట్టి తెచ్చి గుళికలు ఏరింది. తేల్చలేకపోయింది. తేల్చలేకపోయానని రాములుకే వెళ్ళి చెప్పింది. అతను చచ్చిన మొక్కలు పీకి చేను బయట కుప్ప పెడుతున్నాడు. కుప్పకు నిప్పుపెట్టమందామె. పెట్టాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఆ పొగను చూశారు. దాన్ని సమాధానపడడం అనాలో లేదో ఆమెకు తెలియలేదు.

ఎంకమ్మ మాత్రం పలకలేదు. ఫోను చేస్తే ఎత్తేది కాదు. పల్లి పీకుళ్ళు అయిపోయి ఎండలు ముదురుతున్నప్పుడు తనే చేసింది. గుంట పూడ్చుకోవాలి, చెరువు మన్ను తోలుకుంటే తప్పా అని అడిగింది. తప్పేం లేదంది అమూల్య. ఫోను పెట్టేస్తుందేమోనన్న భయంతో, ఇంతకాలంగా తను అడగాల్సి ఉండి అడగని ప్రశ్న అడిగేసింది. ఆ మడిలో పల్లి కంటే ముందు ఏం వేసేవాళ్ళు?

ఎంకమ్మ చెప్పింది. అత్తకు జొన్న రొట్టె లేనిది ముద్ద దిగేది కాదట. కొన్న జొన్నలు పనికిరావు, ఇంటి జొన్నలే కావాలి. అందుకని చేనంతా పల్లి పెట్టినా ఆ మడి మాత్రం అత్తకు వదిలేవారు. ఏటేటా జొన్నే. అత్త పోయాక, అమూల్య వచ్చి చూసిన యాసంగిలోనే మొదటిసారి దాంట్లోనూ పల్లి పెట్టారు.

అమూల్య లేచి నిలబడింది. ఏళ్ళ తరబడి పల్లి ఎరగని మట్టి. బూజుకు తిండి లేని మట్టి. గుళికలు పెరిగి ఉండవు, లేదా జొన్న వేళ్ళు ఏదో చేసి ఉంటాయి. లోపల నుంచి పొంగుకుంటూ వచ్చిన మాటను నాలుక చివర పట్టుకుని ఆపింది.

"ఏంది బిడ్డా, సప్పుడు జేస్తలేవు?"

"ఏం లేదు పెద్దమ్మా. ఒక పని ఉంది నీతోని. కానీ ఏం తేలుతదో నాకు తెల్వదు, ముందే చెప్తున్న. తేలనీకె గుడ మూడు నాలుగేండ్లు పడతది."

"మూడు నాలుగేండ్లా," అంది ఎంకమ్మ. కాస్త ఆగి, "ఎండ తగ్గినంక రా. ఇప్పుడొస్తే మాడిపోతవ్," అంది.

తొలకరికి ఎంకమ్మ చెలకలో ఒక పక్కన, గుంట పూడ్చిన చోటికి దూరంగా, తాడు పట్టి మడులు విడగొట్టారు. ఒక మడిలో ఏటేటా పల్లి, ఒక దాంట్లో ఒక ఏడు జొన్న, ఒక దాంట్లో వరుసగా రెండేళ్ళు జొన్న, ఆపైన వాటిలోనూ పల్లి. తాడుకు ఆ కొస ఎంకమ్మ పట్టుకుంది. రాములు తన చెలకలోంచే అరిచి, తాడు వంకర పోతోందని చెప్పాడు. చివరికి వచ్చి తనే సరిచేసి వెళ్ళాడు.

జొన్న మొలిచిన వారానికే అమూల్య మళ్ళీ దిగింది. చూడ్డానికి ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. మడుల చుట్టూ తిరిగింది, వంగి ఒక మొలకను ముట్టుకుంది, మళ్ళీ తిరిగింది. ఎంకమ్మ గట్టు మీద కూర్చుని రొట్టె తింటూ, జర ఒక్కచోట కూర్చోరాదా, నిన్ను చూస్తే నాకు కండ్లు తిరుగుతున్నయని సగం రొట్టె విరిచి చెయ్యి చాపింది. అమూల్య రొట్టె అందుకుంది గానీ కూర్చోలేదు. తింటూనే అవతలి మడి దాకా నడిచి వెళ్ళింది.